హార్ట్ ఇన్ఫెక్షన్ తగ్గి ఇంటికొచ్చాక ఏం చేయాలి: ఎండోకార్డైటిస్‌తో బతికేవాళ్ల కోసం

ముందు అన్నింటికన్నా ముఖ్యమైన మాట చెప్పేస్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గినవాళ్లు, జ్వరం వస్తే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి) రక్తం ఇవ్వకముందు యాంటిబయాటిక్ ఒక్క ట్యాబ్లెట్ కూడా మింగకూడదు. ఇంట్లో పాత కోర్సులో మిగిలినవి ఉన్నా, మందుల షాపులో ఇచ్చినా, తెలిసిన డాక్టరు ఫోన్‌లో పేరు చెప్పినా సరే.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నాకు జరిగింది అదే. మొదటిసారి ఐదు వారాలు జ్వరం. ఒకచోట ఐదు రోజుల కోర్సు ఇచ్చారు, తగ్గింది, వారానికి మళ్లీ వచ్చింది, ఇంకోచోట ఇంకో కోర్సు. ఒక్కరూ బ్లడ్ కల్చర్ రాయలేదు. ప్రతిసారీ ఆ మందు రక్తంలో తిరుగుతున్న క్రిముల్ని కొంత చంపి, పరీక్షకు దొరక్కుండా చేసి, గుండె వాల్వు మీద కూర్చున్నవాటిని మాత్రం అలాగే వదిలేసింది. చివరికి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని పరిస్థితిలో ఎకో (గుండె స్కాన్) తీస్తే మైట్రల్ వాల్వు మీద గడ్డ ఊగుతూ కనిపించింది, వాల్వు అప్పటికే చిరిగి లీకవుతోంది. ఆ వాల్వు తీసేసి మెకానికల్ వాల్వు పెట్టారు. నేను బతికాను, కానీ మొదటి వారంలోనే రక్తం తీసి ఉంటే నా వాల్వు నాకే మిగిలేదేమో అన్న ఆలోచన ఇప్పటికీ పోలేదు.

జ్వరం వచ్చిన రోజు

థర్మామీటర్ పెట్టి చూసి, టైముతో సహా రాసుకోండి. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే, లేదా జ్వరం తక్కువే అయినా ఒళ్లంతా వణికే చలి వస్తే, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు పడుతుంటే ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి, రేపు చూద్దాం అనుకోవద్దు. అక్కడ మొదట చెప్పాల్సిన మాట: "నాకు ఇంతకుముందు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ వచ్చింది, యాంటిబయాటిక్ ఇచ్చేముందు బ్లడ్ కల్చర్ తీయండి." మామూలుగా వేర్వేరు చోట్ల సూది గుచ్చి మూడు సెట్లు తీస్తారు. ఒక్క సెట్‌లో క్రిమి కనబడితే అది చర్మం మీద నుంచి కలిసిందా, నిజంగా రక్తంలో ఉందా అన్న అనుమానం మిగిలిపోతుంది, అందుకే మూడు. రక్తం తీయడం నిమిషాల పని. అది అయ్యాక డాక్టరు వెంటనే మందు ఎక్కిస్తామంటే ఎక్కించుకోండి. బీపీ పడిపోతూ మనిషి బాగా నీరసించిపోయినప్పుడు మాత్రం కల్చర్ పేరుతో గంటలు ఆగడానికి లేదు.

పారాసెటమాల్ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వేసుకోవచ్చు, అది యాంటిబయాటిక్ కాదు. కాకపోతే వేసుకునేముందు టెంపరేచర్ రాసుకోండి, లేకపోతే డాక్టరు చూసే సమయానికి జ్వరం కనిపించక "ఏం లేదు, ఇంటికెళ్లండి" అంటారు.

అసలు లోపల ఏం జరిగిందో తెలుసుకోండి

ఇది తెలియకపోతే మిగతా జాగ్రత్తలన్నీ చాదస్తంలా అనిపిస్తాయి. గుండె లోపలి పొరకి, ముఖ్యంగా వాల్వులకి పట్టే ఇన్ఫెక్షన్ ఇది. నోటి నుంచో, చర్మం నుంచో, సెలైన్ ఎక్కించే గొట్టం నుంచో రక్తంలోకి వచ్చిన బ్యాక్టీరియా, కాస్త దెబ్బతిన్న వాల్వు మీదో కృత్రిమ వాల్వు మీదో అతుక్కుంటుంది. దాని చుట్టూ రక్తం గడ్డకట్టి ఒక గుబురులా పెరుగుతుంది. దీన్నే వెజిటేషన్ అంటారు. వాల్వు రేకులకి సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు, కాబట్టి మన ఒంట్లోని రక్షణ కణాలు ఆ గుబురు లోపలికి సరిగ్గా చేరలేవు. అందుకే మందుని పెద్ద మోతాదులో, రక్తనాళంలోకి, 4 నుంచి 6 వారాలు ఇస్తారు. సంగీతకర్త గుస్తావ్ మాహ్లర్ 1911లో ఈ జబ్బుతోనే పోయారు. ఆయన రక్తం కల్చర్ చేసి స్ట్రెప్టోకోకస్ ఉందని కనిపెట్టగలిగారు గానీ, దాన్ని చంపే మందు అప్పటికి పుట్టలేదు. రోజుకి ఆరుసార్లు ఇంజెక్షన్ అని విసుగొచ్చినప్పుడల్లా నేను ఆ సంగతే తలుచుకునేవాణ్ని.

డిశ్చార్జి అయ్యేముందు ఫైలు సరిచూసుకోండి

హాస్పిటల్ నుంచి బయటపడాలన్న తొందరలో ఈ పని వదిలేస్తాం, ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు అడిగితే బిక్కమొహం వేస్తాం. మీ సమ్మరీలో ఇవి ఉన్నాయా అని అక్కడే కూర్చుని చూసుకోండి. క్రిమి పూర్తి పేరు, అది ఏ మందులకి లొంగింది, ఏ మందులకి లొంగలేదు. బ్లడ్ కల్చర్ మొదటిసారి నెగెటివ్ వచ్చిన తేదీ, ఎందుకంటే చికిత్స రోజులు సాధారణంగా అక్కణ్నుంచి లెక్కపెడతారు. ఆఖరి డోసు తేదీ. చికిత్స ముగిసినప్పటి ఎకో రిపోర్టు, ఇది చాలా చాలా ముఖ్యం, రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం. వాల్వు మార్చి ఉంటే దాని రకం, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉంది. ఏ మందు పడలేదు.

క్రిమి పేరు ఎందుకంటే, కొన్నిటికి వెనక వేరే కథ ఉంటుంది. స్ట్రెప్టోకోకస్ గ్యాలోలిటికస్ అని వస్తే పెద్దపేగులో గడ్డలు ఉన్నాయేమో చూడటానికి కొలనోస్కోపీ చేయించాలి. గుండె జబ్బుకి పేగు పరీక్ష ఏమిటని కొట్టిపారేయకండి, ఆ క్రిమికీ పెద్దపేగు క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ఎప్పటినుంచో తెలుసు.

సూదితో మత్తుమందు తీసుకునే అలవాటు వల్ల ఇది వచ్చినవాళ్లు కూడా ఇది చదువుతూ ఉండొచ్చు. ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. ఆ అలవాటుకి చికిత్స తీసుకోవడం కూడా ఈ గుండె చికిత్సలో భాగమే, అది వదిలేస్తే కొత్త వాల్వుకి కూడా మళ్లీ అంటుకునే ప్రమాదం చాలా ఎక్కువ. మీరు సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఇంట్లో ఇంజెక్షన్లు నడుస్తుంటే

కొందరిని చేతికి పిక్ లైన్ (మందు ఎక్కించడానికి రక్తనాళంలో వారాలపాటు ఉంచే సన్నని గొట్టం) పెట్టి ఇంటికి పంపిస్తారు. లైన్ ముట్టుకునేముందు చేతులు సబ్బుతో కడగడం, డ్రెస్సింగ్ తడవకుండా చూడటం, ఆ చోట ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చెయ్యి వాచినా అదే రోజు చూపించడం. ఇంతే, కానీ ఒక్కరోజు కూడా సడలించడానికి లేదు, ఎందుకంటే ఆ లైనే కొత్త ఇన్ఫెక్షన్‌కి దారి అవుతుంది. జెంటామైసిన్ అనే యాంటిబయాటిక్ తీసుకున్నవాళ్లకి చెవిలో హోరు, వినికిడి తగ్గడం, నడుస్తుంటే తూలడం మొదలైతే వెంటనే చెప్పండి, ఆ నష్టం చాలాసార్లు శాశ్వతంగా ఉండిపోతుంది. నీళ్ల విరేచనాలు రోజుకి మూడు కన్నా ఎక్కువ అయితే కూడా చెప్పండి. కోర్సు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా ఇవి రావొచ్చు, విరేచనాలు ఆపే ట్యాబ్లెట్ సొంతంగా వేసుకోవద్దు.

పరిస్థితి నిలకడగా ఉంటే మధ్యలోనే ట్యాబ్లెట్లకి మారుస్తామని డాక్టర్లు అనొచ్చు. భయపడకండి. డెన్మార్క్‌లో 400 మంది మీద పోయెట్ అనే అధ్యయనం చేశారు, కనీసం 10 రోజులు ఇంజెక్షన్లు అయ్యి కుదుటపడినవాళ్లకి ట్యాబ్లెట్లతో ముగించినా ఫలితం ఏమీ తగ్గలేదు. కానీ అది మీకు కుదురుతుందా అన్నది మీ డాక్టరు తేల్చాలి.

మొదటి ఏడాది

చికిత్స ముగిశాక 1, 3, 6, 12 నెలలకి చెకప్, రక్తపరీక్షలు, ఎకో అని యూరప్ కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు చెప్తాయి. తేదీలు ఇప్పుడే ఫోన్‌లో పెట్టేసుకోండి. ఆరు నెలల లోపు అదే క్రిమితో మళ్లీ వస్తే పాతది పూర్తిగా పోలేదని, వేరే క్రిమితో వస్తే కొత్తగా సోకిందని డాక్టర్లు లెక్కవేస్తారు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం జీవితాంతం ఎక్కువే, పదేళ్లయినా "నాకు తగ్గిపోయిందిగా" అని వదిలేయడానికి కుదరదు.

రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, బరువు చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలకి మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వాల్వు లీకు ఎక్కువై గుండె అలసిపోతోందేమో చూడాలి. దిండ్లు ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు పెరుగుతున్నాయా, సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా, మొన్నటిదాకా ఎక్కిన మెట్లకి ఇప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోందా, ఇవి మీకే తెలుస్తాయి, ఏ యంత్రానికీ ముందుగా తెలియవు.

పళ్లు

గుండె జబ్బు మనిషికి డెంటిస్టు ఇంత ముఖ్యమని నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చిగుళ్లు వాచి రక్తం కారుతూ ఉంటే, బ్రష్ చేసినప్పుడల్లా, నమిలినప్పుడల్లా నోట్లోని బ్యాక్టీరియా కొంచెం కొంచెంగా రక్తంలోకి పోతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పన్ను పీకించుకోవడం కన్నా రోజూ జరిగే ఇదే పెద్ద సమస్య. కాబట్టి రోజుకి రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకోండి, పళ్ల సందుల్లో శుభ్రం చేసుకోండి, ఏడాదికి రెండుసార్లు డెంటిస్టుకి చూపించుకోండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానేస్తారు కొందరు. అది తప్పు, అలా మానేస్తే చిగుళ్లు ఇంకా పాడవుతాయి.

పన్ను పీకడం, క్లీనింగ్, రూట్ కెనాల్ లాంటి చిగుళ్లకి పని పెట్టే చికిత్సలకి 30 నుంచి 60 నిమిషాల ముందు ఒక డోసు యాంటిబయాటిక్ వేసుకోవాలి. ఇంతకుముందు ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లకి, కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకి, పుట్టుకతో వచ్చిన కొన్ని రకాల గుండె లోపాలు ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. పెద్దవాళ్లకి సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, ఒక్కసారే. మర్చిపోతే చికిత్స అయిన 2 గంటల లోపు కూడా వేసుకోవచ్చు. ఎక్స్‌రేకి, కట్టుడు పళ్లు సరిచేయించుకోవడానికి అక్కర్లేదు. పెన్సిలిన్ పడనివాళ్ల పాత చీటీల్లో క్లిండామైసిన్ అని రాసి ఉంటే ఇంకోసారి అడగండి, తీవ్రమైన విరేచనాల ప్రమాదం వల్ల అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని వద్దంది, అజిత్రోమైసిన్ లాంటి వేరేవి ఉన్నాయి. రుమాటిక్ జ్వరం కోసం ఇప్పటికే మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు "నాకు ఎలాగూ అదే మందు నడుస్తోందిగా" అనుకోవద్దు. అది వేరు, ఇది వేరు. పంటి పనికి మీకు వేరే జాతి మందు ఇవ్వాలి, డెంటిస్టుకి ఆ సంగతి చెప్పండి.

టాటూలు, ముక్కు, చెవులు, ఒంటి మీద ఇంకెక్కడైనా కుట్టించుకోవడాలు వద్దు. గోళ్లు కొరకడం, మొటిమలు గిల్లడం మానేయండి. గాయమైతే కడిగి కట్టు కట్టండి, చీము పడితే చూపించండి.

మెకానికల్ వాల్వు, వార్ఫరిన్

జంతువుల కణజాలంతో చేసిన వాల్వు పెట్టినవాళ్లకి జీవితాంతం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ఉండదు, కానీ ఆ వాల్వు 10, 15 ఏళ్లకి అరిగిపోవచ్చు, చిన్న వయసువాళ్లలో ఇంకా త్వరగా. మెకానికల్ వాల్వు అరగదు, దాని బదులు వార్ఫరిన్ జీవితాంతం. ఏది ఏ వయసుకి అన్నది ముందే డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. నాకు ఆ టైము దొరకలేదు.

వార్ఫరిన్ రోజూ ఒకే టైముకి. మర్చిపోయినట్టు అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవద్దు, వదిలేసి డైరీలో రాసుకోండి. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష అంకె) అయోర్టిక్ మెకానికల్ వాల్వుకి సాధారణంగా 2.5 చుట్టూ, మైట్రల్‌కి 3 చుట్టూ ఉండాలంటారు, మీ అంకె మీ డాక్టరు చెప్తారు, అది మీకు నోటికి రావాలి. ఆకుకూరలు మానేయమని ఇంట్లో అందరూ చెప్తారు. మానేయక్కర్లేదు, వారం వారం ఒకేలా తినండి. ఒక వారం పూర్తిగా మానేసి ఇంకో వారం రోజూ తింటేనే అంకె అటూ ఇటూ ఊగుతుంది. కొత్తరకం రక్తం పల్చబరిచే మందులకి మారదామని ఎవరైనా అంటే, మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకి అవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో ప్రయత్నించి చూసి, గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యేసరికి ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఒళ్లునొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు, కడుపులో రక్తస్రావం అవుతుంది. పారాసెటమాల్ అయినా రోజుల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఐఎన్ఆర్ పెరగొచ్చు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్ దాన్ని బాగా పెంచుతాయి. రిఫాంపిసిన్ దానికి ఎదురు, తగ్గిస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది: కృత్రిమ వాల్వుకి స్టెఫిలోకోకస్ అనే క్రిమి పట్టినవాళ్లకి రిఫాంపిసిన్ వారాలపాటు ఇస్తారు, అప్పుడు వార్ఫరిన్ డోసు పెంచుతారు, రిఫాంపిసిన్ ఆపేశాక ఆ పెంచిన డోసే నడిస్తే కొన్ని వారాల్లో ఐఎన్ఆర్ ప్రమాదకరంగా ఎక్కేస్తుంది. మందు ఆపిన తర్వాత నెలంతా తరచుగా పరీక్ష చేయించుకోండి.

వాల్వు టిక్ టిక్ అని వినబడుతుంది. మొదట్లో నిద్ర పట్టదు. ఫ్యాను శబ్దమో సన్నగా పాటలో పెట్టుకుంటే కొన్నాళ్లకి అలవాటవుతుంది. అయితే ఆ చప్పుడు ఉన్నట్టుండి మందగిస్తే, లేదా వినబడటం మానేస్తే, ఆయాసం కూడా తోడైతే ఎమర్జెన్సీకి పరుగెత్తండి, వాల్వు మీద గడ్డ కట్టి ఉండొచ్చు.

గర్భం కావాలనుకునే ఆడవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడండి. తొలి నెలల్లో వార్ఫరిన్ బిడ్డకి హాని చేయొచ్చు, మందు మార్చే పథకం ముందే వేసుకోవాలి. అలాగని సొంతంగా ఆపేయకండి.

ఉన్నట్టుండి వచ్చేవి

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం, ఒక కన్ను కనిపించకపోవడం, ఇంతకుముందెప్పుడూ రానంత తలనొప్పి. అంబులెన్స్ పిలిచి, ఎక్కగానే చెప్పాల్సింది మళ్లీ అదే: ఎండోకార్డైటిస్ వచ్చింది, వార్ఫరిన్ వాడుతున్నాను. మామూలు పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, ఎండోకార్డైటిస్ ఉన్నప్పుడు అది ఇస్తే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ, అందుకని డాక్టర్లకి ఈ సంగతి ముందే తెలియాలి. చెయ్యో కాలో ఒక్కసారిగా చల్లబడి పాలిపోయినా, ఎడమ డొక్కలో తీవ్రంగా నొప్పి వచ్చినా ఆగకండి. వారాల తరబడి తగ్గని నడుంనొప్పి కూడా చూపించండి, ఈ ఇన్ఫెక్షన్ వెన్నుపూసల మధ్యకి పాకుతుంది, చాలామంది దాన్ని పడుకుని పడుకుని వచ్చిన నొప్పి అనుకుంటారు.

నీరసం, భయం

రిపోర్టులన్నీ బాగున్నాయి, మనిషికి మాత్రం స్నానం చేస్తే మళ్లీ పడుకోవాలనిపిస్తుంది. ఇది నెలల తరబడి ఉంటుంది, నాకు దాదాపు ఏడాది పట్టింది. మీరు బద్ధకస్తులు కాదు. ఆపరేషన్ అయినవాళ్లు రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే 6 నుంచి 8 వారాలు, బరువులు ఎత్తొద్దు. ఆ తర్వాత కార్డియాక్ రిహాబ్ (గుండె జబ్బు నుంచి కోలుకునేవాళ్లకి పర్యవేక్షణలో వ్యాయామం నేర్పే కార్యక్రమం) దొరికితే తప్పకుండా చేరండి, లేకపోతే డాక్టరుని అడిగి రోజూ నడక మొదలెట్టండి, ఈ వారం పది నిమిషాలు, వచ్చే వారం ఇంకో రెండు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. బాగున్న రోజు నాలుగు రోజుల పని ఒక్కసారే చేసేసి తర్వాత మూడు రోజులు మంచమెక్కడం నేను చాలాసార్లు చేశాను, మీరు చేయకండి.

ఇక టెన్షన్. నేను మొదటి నెలల్లో రోజుకి పదిసార్లు థర్మామీటర్ పెట్టుకునేవాణ్ని. రాత్రి గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే చాలు, మళ్లీ ఆ ఐసీయూ లైట్లు, మానిటర్ మోతలు గుర్తొచ్చేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆపైన ఒంట్లో తేడా ఉంటేనే అని నియమం పెట్టుకున్నాక కొంత ఊపిరి తీసుకోగలిగాను. మిగతాది కౌన్సెలర్ దగ్గర తగ్గింది. నిద్ర లేకపోవడం, ఏడుపు రావడం, ఏదీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే ఎకో చేయించుకున్నంత మామూలుగా వెళ్లి మానసిక వైద్యుణ్ని కలవండి. ఇంట్లోవాళ్లు కూడా అదే భయంలో ఉంటారు, మీతో చెప్పరు. ఒకసారి కూర్చుని, ఏం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో కలిసి రాసుకుంటే వాళ్లకీ నిద్ర పడుతుంది.

జేబులో కార్డు

చివరి పని, ఇవాళే చేయొచ్చు. ఒక చిన్న అట్టముక్క మీద ఇవి రాసి పర్సులో పెట్టుకోండి, ఫోటో తీసి ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా పెట్టండి: పేరు, బ్లడ్ గ్రూపు, ఎండోకార్డైటిస్ వచ్చిన ఏడాది, క్రిమి పేరు, వాల్వు రకం, వార్ఫరిన్ డోసు, ఐఎన్ఆర్ ఎంత ఉండాలి, పడని మందులు, ఇంట్లో ఒకరి నంబరు. కింద పెద్ద అక్షరాలతో, "యాంటిబయాటిక్‌కి ముందు బ్లడ్ కల్చర్ తీయండి." ఎమ్మారై తీయాల్సి వచ్చినప్పుడు వాల్వు కార్డు కూడా చూపించండి, ఇప్పటి వాల్వులతో స్కాన్ చేయించుకోవచ్చు, అనవసరంగా వద్దని తిప్పి పంపకుండా ఉంటారు. వార్ఫరిన్ డోసు మారినప్పుడల్లా కార్డు మీద పెన్సిల్‌తో దిద్దుకోండి, నాది ఇప్పటికి ఐదో కార్డు.